ఎదుటి సీటు

గుడగుడమని నీళ్ళ చప్పుడు టబ్బుల షోరూమ్ గుమ్మంలోనే వినిపించింది. ఆమె పళ్ళు పటపటా కొరికింది. మొన్న అదే చప్పుడు నడుమ, పక్కింట్లో ఉండే సొంత చెల్లెలు తన కొత్త వేడినీళ్ళ టబ్బులో కూర్చుని, "అక్క దిగితే మనకు నీళ్ళు మిగలవు" అంది. చుట్టాలంతా పగలబడి నవ్వారు.

"అన్నిటికన్నా పెద్దది చూపించండి. పక్కింటి దాని గోడకే ఆనించి పెట్టిస్తాను. మా నవ్వులు విని అది కుళ్ళి చావాలి."

"టబ్బు నడుంనొప్పికన్నావు కదే?" అన్నాడు భర్త.

"నొప్పి నడుంలో కాదు."

కొనేముందు ఖాళీ టబ్బులో కూర్చుని చూడడం అక్కడి పద్ధతి. ఆమె చెప్పులు విడిచి దిగింది. భర్త ఎదుటి సీటులో చేరగిలబడి, అంతలోనే గురక అందుకున్నాడు.

"నవ్వులన్నారు కదమ్మా, ఇంకెవరు కూర్చుంటారు?" అన్నాడు సేల్స్‌మన్.

ఆమె ఆడపడుచులను తలుచుకుంది, స్నేహితురాళ్ళను తలుచుకుంది. ఎవ్వరూ ఆ సీటులో ఇమడలేదు. తన కడుపు మండించినదీ, చిన్ననాటి నుంచి తనను కడుపుబ్బ నవ్వించినదీ ఒక్కతే.

"టబ్బు వద్దు. నాకు కావలసింది దాని టబ్బులో నా చోటు" అంటూ చెల్లెలికి ఫోను చేసింది. మొన్నటి నుంచి చెల్లెల్ని 'అది' అని తప్ప మరో మాటతో పిలవని నోటితో, బిగించిన పళ్ళు సడలించకుండానే అంది:

"సాయంత్రం వస్తున్నాను. ఎవర్ని లేపుతావో లేపు. నీ ఎదుటి సీటు నాదేనే, పిచ్చుకా!"