ఆఖరి నవ్వు ఆగేదాకా

అక్టోబరు తొమ్మిది, శనివారం. ఆ తారీకు లైబ్రేరియన్‌కి బాగా గుర్తు.

ఆ మధ్యాహ్నం ఆయనా, బావమరిదీ రొట్టెలు, ఉడికించిన గుడ్లు తిన్నారు. రొట్టెలు కాస్త మాడాయి. మాడినవన్నీ బావమరిది అడక్కుండానే తన కంచంలో వేసుకున్నాడు.

"బావా, సాయంత్రం అక్క ఓడిపోతే ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? గెలిచానని నవ్వుకుంటాను."

అన్నాడు గానీ మాటలో పస లేదు.

ముప్పై ఏళ్ల పేచీ అది. ఒకే దర్శకుడు తీసిన రెండు పేరడీ సినిమాలు. మొదటిది దెయ్యాల సినిమాలని వెక్కిరిస్తుంది, రెండోది డిటెక్టివ్ సినిమాలని. ఆయన డిటెక్టివ్ పక్షం. భార్య దెయ్యం పక్షం.

"అందులో ఏముందోయ్ అంత?" అంటే, "అది నాతో మర్యాదగా ఉంటుంది" అనేది.

ఆ జవాబు ఆయనకి ఏనాడూ బోధపడలేదు.

కిందటేడు కన్నుమూసే ముందు కూడా ఆవిడది అదే గోల. "లైబ్రరీలో రెండూ వేసి ఓటు పెట్టించు. నువ్వు గెలిచినా అలగనులే."

తనకి తెలియకుండానే ఆవిడ వైపు ఏదో న్యాయం ఉండిపోయిందేమోనని, ఏడాదిగా ఆయనకి మనసులో ముల్లు.

కిందటి శనివారం రీడింగు రూములో తెల్లదుప్పటి కట్టి డిటెక్టివ్ సినిమా వేశారు.

"దొంగ ఇటు వచ్చాడా?" అని డిటెక్టివ్ దొంగనే అడుగుతాడు.

"ఇప్పుడే వెళ్లానండీ" అంటాడు దొంగ.

గదంతా ఘొల్లుమంది. కొత్తగా వచ్చిన ఓ పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. చేతిగడియారం చూసుకున్నాడు.

మళ్లీ నవ్వులు. మళ్లీ గడియారం.

బావమరిది అప్పుడే ఆయనకి 'గడియారంగారు' అని నామకరణం చేసేశాడు.

వెళ్లేటప్పుడు లైబ్రేరియన్ ఉండబట్టలేక అడిగాడు. "నచ్చలేదాండీ?"

"బాగుందండీ. కాస్త తొందరెక్కువ. జనం ఇంకా నవ్వుతుండగానే తర్వాతి మాట అనేస్తున్నారు."

తన సినిమాని అనేసరికి ఆయనకి చురుక్కుమంది.

"నవ్వేవాళ్లకి అలా అనిపించదులెండి."

పెద్దమనిషి తలూపి వెళ్లిపోయాడు.

ఇవాళ దెయ్యం సినిమా. పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. గుమ్మంలో లైబ్రేరియన్ ఇచ్చిన చీటీని అందుకుని, నిలువునా చింపి, సగం తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు.

"చింపేశారేంటండీ? అది ఓటు చీటీ."

"అయ్యో. చెయ్యి ఊరుకోదండీ. పాత అలవాటు."

"ఇంకోటిస్తాను లెండి. ఒక్క మనవి. ఆ గడియారం జేబులో పెట్టుకుంటారా? ఎప్పుడు లేచిపోదామా అని చూస్తున్నట్టుంటుంది."

పెద్దమనిషి మొహం చిన్నబుచ్చుకోలేదు. గడియారం విప్పి జేబులో వేసుకుని, తలుపు పక్కన ఆఖరి కుర్చీలో కూర్చున్నాడు.

సినిమా చివర్లో దెయ్యం ఓ ఇంటి తలుపు తడుతుంది. ముసలావిడ తీస్తుంది.

"కాళ్లు తుడుచుకుని రా."

దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయాయె. డోర్‌మ్యాట్ మీద ఎటు తిరిగి నిలబడాలో దానికి తెలియదు. ఇటు తిరిగింది. అటు తిరిగింది.

గది గదంతా నవ్వి, ఆగింది.

తెరమీద ఎవరూ మాట్లాడలేదు. ముసలావిడ దెయ్యాన్ని చూస్తోంది. దెయ్యం తన పాదాలు చూసుకుంటోంది.

అప్పుడు నవ్వాడు బావమరిది. అందరిదీ అయిపోయాక, ఒక్కడే, పొట్ట పట్టుకుని.

బావమరిది వాళ్లింట్లో అందరికీ నవ్వు ఆలస్యమే. పెళ్లైన కొత్తలోనే భార్యకి 'ట్యూబులైటు' అని పేరు పెట్టాడు ఆయన. డిటెక్టివ్ సినిమాలో ఆవిడ నవ్వడం మొదలుపెట్టేసరికి తర్వాతి జోకు దాటిపోయేది. "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని మోచెయ్యి లాగేది. "ఉష్, చూడనీ" అనేవాడు ఆయన.

అనుకోకుండా వెనక్కి చూశాడు. ఆఖరి కుర్చీలో పెద్దమనిషి వేలు మోకాలి మీద తాళం వేస్తోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

బావమరిది నవ్వు పూర్తిగా తెమిలింది. అప్పుడు గానీ దెయ్యం నోరు విప్పలేదు.

ఆవిడ చెప్పిన మర్యాద ఇదన్నమాట.

చీటీలు విప్పితే దెయ్యం ఒక్క ఓటుతో గెలిచింది.

"బావా, నీ ఓటు ఎటు?"

"అది రహస్యం రా."

"నీ కోడిగీతలు నేను గుర్తుపట్టలేనా?"

జనం వెళ్తున్నంతసేపూ పెద్దమనిషి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నెమ్మదండీ, మెట్టుంది" అని ఒక్కొక్కరికీ చెప్పాడు. అందరూ దిగాక తనూ దిగి వెళ్లిపోయాడు. కుర్చీలు సర్దుకుంటున్న లైబ్రేరియన్ ఆ సంగతి తర్వాతెప్పుడో గమనించాడు.

"ఆ డోర్‌మ్యాట్ ముక్క ఇంకోసారి వెయ్యి బావా."

వేశాడు. ఇద్దరూ మళ్లీ నవ్వారు. ఈసారి ఆయన కూడా బావమరిదితో పాటు ఆలస్యంగానే నవ్వాడు.

'శుభం' పడగానే దీపాలు వెయ్యడం ఆయన అలవాటు. ఇవాళ లేవబుద్ధి కాలేదు. పేర్లు పైకి జారిపోతూనే ఉన్నాయి. అన్నీ అయ్యాక, చీమల్లాంటి అక్షరాల్లో ఒక్క వాక్యం.

'విడుదలకి ముందు వేసిన ఆటల్లో ప్రతి నవ్వునీ గడియారం పెట్టి కొలిచి, "ఆలస్యంగా నవ్వేవాళ్ల కోసం కూడా ఆగండి సార్" అని మాకు నేర్పిన, గేటు దగ్గర టికెట్లు చింపే మనిషికి నమస్కారాలు.'

బావమరిది తల తిప్పి, తలుపు పక్కన ఆఖరి కుర్చీ ఉన్నచోటు చూశాడు.

"డిటెక్టివ్ సినిమాకి ఈయన్ని పిలవలేదు కాబోలు" అన్నాడు బావమరిది.

లైబ్రేరియన్ చొక్కా జేబులోంచి సగం చీటీ తీశాడు. గీత గీసినట్టు చిరిగి ఉంది. దాన్ని చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వెళ్లాడు. మెట్ల మీదా, వీధిలోనూ ఎవరూ లేరు.

అయినా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి, అప్పుడు నెమ్మదిగా తలుపు మూశాడు.