చేతులు కట్టుకోండి

"ఏమ్మా, నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

అరుణశ్రీ గొంతు పెంచింది.

బడి ప్రహరీ పక్కన ఇసుకలో పాత పడవ బోర్లించి ఉంది. దానికి ఆనుకుని కూర్చుంది ముసలావిడ. చుట్టూ ఏడో తరగతి పిల్లలు, మోచేతుల దాకా ఇసుక.

"బెల్లు కొట్టినా వీళ్ళు లోపలికి రావడం లేదు. రేపట్నుంచి ఇక్కడ కనబడకు."

ముసలావిడ నవ్వింది. తల ఊపింది. కొంగు ముడి విప్పి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు దోసిట్లోకి తీసి చాపింది.

అరుణశ్రీ తీసుకోలేదు.

మర్నాడు ఆవిడ అక్కడే ఉంది. అదే నవ్వు.

అరుణశ్రీకి కోపం కూడా పూర్తిగా రాలేదు. ఈ మధ్య ఆమెకి ఏదీ పూర్తిగా రావడం లేదు.

"ఎవరే ఆవిడ?" తరగతిలో దుర్గని అడిగింది.

"బుల్లమ్మ మేడం. మా గంగులు మావకి పిన్ని. ఇచ్ఛాపురం కాడినుంచి వొచ్చినాది."

"మీకేం పని అక్కడ?"

"పాటం సెప్తన్నాం."

"ఆవిడ మీకా?"

"కాదు మేడం. మేమే ఆవిడకి."

"ఆవిడకెందుకే పాఠం?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది దుర్గ. "ఇష్టం మేడం. తెలీపోతే సెయ్యి ఊపుతాది. మళ్ళీ మొదట్నుంచి సెప్పాల. గ్రహణం సెప్పీసరికి తల పేనం తోకకొచ్చీసింది."

వెనక బెంచీలో త్రినాథ్ కిసుక్కున నవ్వాడు. తనని ఆట పట్టిస్తున్నారనుకుంది అరుణశ్రీ.

ఆమె రోజూ కోటబొమ్మాళి నుంచి వచ్చి బడి ముందు బస్సు దిగుతుంది. సాయంత్రం అక్కడే ఎక్కుతుంది. ఊరు బడి వెనక ఉంది. అటు వెళ్ళాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

ఇక్కడికొచ్చి రెండేళ్ళు. ఆమె చెప్పేది, వాళ్ళు రాసుకునేవారు. రాసుకున్నదే పరీక్షలో తిరిగి ఇచ్చేవారు. శిక్షణలో నేర్పిన పద్ధతులన్నీ చేసి చూసింది. అట్టతో బొమ్మలు, టీవీలో వీడియోలు, పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టడం. ఏదీ కదల్లేదు. పాఠం చెబుతుంటే తన గొంతు పక్కగదిలోంచి వినిపిస్తున్నట్టుండేది.

ఈ వానాకాలం ఏదో జరిగింది.

"మేడం, అమాసకి సెంద్రుడు సూర్యుడికి అడ్డమొస్తాడంటే, పెతీ అమాసకీ గ్రహణం రావాల గదా?" ఒకరోజు దుర్గ లేచి అడిగింది. "పెతీ అమాసకీ పోటెక్కువ వస్తాదని మా అయ్య అంటాడు. గ్రహణం మరెందుకు రాదు?"

ఆమె జవాబు చెప్పేలోపే త్రినాథ్ లేచాడు. పిడికిలి బిగించి దుర్గ తల చుట్టూ తిప్పాడు.

"నీ తలకాయే భూమి. ఇలగ పైనుంచి ఎల్లిపోతాడే. సూటిగా ఎప్పుడో గానీ రాడు."

"మొన్న కిందనుంచి అన్నావు!"

"రెండూనే మొద్దూ, వాలుగా తిరుగుతాడు!"

తరగతంతా చేతులు లేచాయి. ఎవరి పిడికిలి వాళ్ళకి చంద్రుడు.

అరుణశ్రీ సుద్దముక్కతో అలాగే నిలబడిపోయింది. తిమ్మిరెక్కిన కాలికి రక్తం తిరిగొస్తే గుచ్చుకుంటుందే, అలా గుచ్చుకుంది గుండెలో. తన పద్ధతి ఫలించింది అనుకుంది.

హెడ్మాస్టరు యుగంధర్ ఈ సంగతి జిల్లా విద్యాశాఖ ఆఫీసుకి చెప్పాడు. చూడ్డానికి అధికారులు వస్తామన్నారు.

ఈ పాఠం నిలబడితే తను ఇంకా టీచరే. లేకపోతే ఉద్యోగస్తురాలు. అంతే.

"ఆ ముసలావిడ దగ్గర కనిపించిన వాళ్ళని అధికారులొచ్చిన రోజు పాఠం చెప్పడానికి నిలబెట్టను. బడి వదలగానే తిన్నగా ఇంటికి పోవాలి."

పిల్లలు మాట విన్నారు. కిటికీలోంచి చూస్తే పడవ దగ్గర ఆవిడ ఒక్కతే కనిపించేది, ఒళ్ళో వేరుశనక్కాయలతో. తర్వాత ఆవిడా కనబడలేదు.

"ఇంకోటి. పెద్దవాళ్ళ ముందు ఆ చేతులు తిప్పడాలేమిటి? చేతులు కట్టుకోండి. చక్కగా నోటితో చెప్పండి."

అధికారి రానే వచ్చాడు. "ప్రతి అమావాస్యకీ గ్రహణం ఎందుకు రాదమ్మా?" అని దుర్గనే అడిగాడు.

దుర్గ చేతులు కట్టుకుని నిలబడింది.

"సెంద్రుడు..."

ఆగింది. కట్టుకున్న చేతుల కింద పిడికిలి బిగుసుకుంది. అరుణశ్రీ వైపు చూసి చేతులు ఇంకా గట్టిగా కట్టుకుంది.

"సెంద్రుడు... మేడం..."

త్రినాథ్ బల్లకేసి చూస్తున్నాడు.

"బాగుంది. కూర్చో తల్లీ," అన్నాడు అధికారి.

జీపు వెళ్ళిపోయింది. "పోనీలెండి మేడం," అన్నాడు యుగంధర్.

అరుణశ్రీకి ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. తరగతిలోకి వెళ్తే ఎవరూ ఇంకా చేతులు విప్పలేదు. విప్పమని చెప్పాలని కూడా ఆమెకి తోచలేదు.

వరండా చివర వంటమనిషి అసిరమ్మ గిన్నెలు తోముతోంది.

"అసిరమ్మా, ఆ బుల్లమ్మ ఏది?"

"ఇచ్ఛాపురం ఎల్లిపోనాది మేడం. పిల్లలు రాటం మానీసినారు గదా, ఇంకేటి సేస్తాది ఇక్కడ?"

"మళ్ళీ వస్తుందా?"

"ఏటొస్తాది? కాళ్ళు సరిగ్గా ఆడవు. గంగులే ఎత్తి బండెక్కించినాడు."

అరుణశ్రీ ప్రహరీ పక్కనున్న పడవకేసి చూసింది.

"నేను కటువుగా మాట్లాడాను. ఆ మాటలకి నొచ్చుకుందేమో."

అసిరమ్మ చేతిలో గిన్నె ఆగింది. ఇన్నాళ్ళూ ఈవిడకి తెలీదా అన్నట్టు చూసింది.

"మీరేటన్నారో ఆవిడకేటి తెలుస్తాది మేడం, పుట్టుసెవుడు... పుట్టి బుద్దెరిగాక ఆవిడ ఇన్నాదేదైనా ఉంటే, ఈ పిల్లలు సేతుల్తో సెప్పిందే."