పచ్చ బటన్ దగ్గర ఆగిన సదయ్య

"ఆ పచ్చ బటన్ నొక్కు కాక."

గని కార్మికుడు సదయ్య ఎర్ర బటన్ నొక్కాడు. తెర మళ్లీ మొదటికొచ్చింది. పక్కనుండి సాయం చేయకూడదని తను పెట్టుకున్న నియమాన్ని జమున ఎప్పుడో వదిలేసింది.

అది 'షిఫ్టు బోర్డు' అనే సాఫ్ట్‌వేర్. గనిలో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, సూపర్‌వైజర్లు అందరూ అందులోనే రాసుకుని, ఒకరి పని ఒకరు చూసుకోవాలి. కొత్తవాళ్లకు దాన్ని నేర్పే పాఠాలు తయారుచేయడం జమున పని. ఈ రోజు ఒక్క కార్మికుడైనా ఆ పాఠాలు దాటకపోతే పని హైదరాబాద్ వాళ్లకిస్తానని బాస్ జైపాల్ పొద్దున్నే చెప్పాడు. గోదావరిఖనిలో ఇంకెక్కడా ఖాళీ గది దొరక్క, కార్మికులకు ఫిట్‌నెస్ పరీక్షలు చేసే దవాఖాన పక్క హాలు ఇచ్చారు. అక్కడ ఫ్యాన్ తిరగడం కన్నా మూలగడం ఎక్కువ.

"అక్షరాలు కనవడ్తలెవ్వు మేడం" అన్నాడు సదయ్య.

పెద్దవి చేసింది.

"చెయ్యి వణుకుతాంది."

బటన్లూ పెద్దవి చేసింది. ఇంకా పెద్దవి కావాలంటే గోడ మీద రాయాలి.

"ఏది నొక్కాల్నో యాదికుంటలేదు."

పాఠాలన్నీ కుదించి రెండు చేసింది, రెండూ కలిపి ఒకటి చేసింది. నెలంతా తిండీ నిద్రా మాని చేసిన పనిని తన చేత్తోనే తీసిపారేస్తుంటే ఏడుపొచ్చింది. చివరికి తెర మీద ఒక్క బటనే మిగిలింది. సదయ్య దాని పక్కన నొక్కాడు.

ఇంతలో చాయ్ వచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి సదయ్య జేబులోంచి ఫోన్ తీసి, రెండు బొటనవేళ్లతో టకటకా మెసేజ్ కొట్టాడు.

జమునకు ఒళ్లు మండింది. "గది ఎట్ల కొడ్తున్నవ్ కాక?"

"అలవాటైంది మేడం" అంటూ గబుక్కున జేబులో పెట్టేశాడు.

అంటే తప్పు ఆయనది కాదు, తనదే. ఫోన్ ఇంత బాగా వాడే మనిషి చేత ఒక్క బటన్ నొక్కించలేని తను ఏం డిజైనర్ అనుకుంది.

"ఇంకొక్కసారి చూద్దాం. ఫికర్ చెయ్యకు."

"ఎన్నిసార్లు జూసినా గంతే మేడం. నాతోని కాదని మీరు రాసుకోండ్రి."

జమున ఫోన్ మోగింది. జైపాల్.

"అయ్యిందా?"

"లేదు సార్."

"ఇగ బంజెయ్. రేపు వేరేటోళ్లు వస్తరు."

జమున కళ్లలో నీళ్లు తిరిగాయి. సదయ్యతో కాలేదని రాసి పంపి, ల్యాప్‌టాప్ మూసేసింది.

"అయిపోయింది కాక. నీతోని కాలేదని రాసి పంపిన. ఇగ నువ్వు పో."

సదయ్య లేచి రెండు చేతులూ జోడించాడు. "మీరు సల్లగుండాలె మేడం."

ఎగతాళేమోనని జమున తలెత్తి చూసింది. ఆయన మొహం నిజంగానే వెలిగిపోతోంది.

"ఎందుకు కాక?"

"గీ దవాఖాన పరీక్షల అన్‌ఫిట్ అయిన గద, ఇగ నా నౌకరి మా బిడ్డకే."