క్యూలో ముందావిడ

“నా పెళ్ళిలో కూడా ఇంతసేపు నిలబడలేదు తల్లీ,” అంది వదిన, ఒంటి బరువును ఎడమకాలి మీది నుంచి కుడికాలి మీదికి మార్చుకుంటూ.

“మెల్లిగా వదినా, వింటారు.” ఎండకి కళ్ళు తప్ప ముఖమంతా చున్నీ చుట్టేసుకున్న ఆడపడుచు గొణిగింది.

“విననీ,” అంటూనే వదిన గొంతు తగ్గించింది. “మా ఇంట్లో ఈ కొట్టు బ్రెడ్ తప్ప ఇంకోటి ముట్టమని ఆ అబ్బాయి దగ్గర కోతలు ఎవరు కొయ్యమన్నారు నిన్ను?”

“ఏదో మాటవరసకి అన్నాను. అతనెళ్ళి వాళ్ళమ్మతో చెప్పేస్తాడని నాకేం తెలుసు?”

చెప్పేశాడు. ఆ తల్లి పొంగిపోయిందట కూడాను. ఆవిడ ఈ రోజు సాయంత్రం ఐదింటికి కాబోయే కోడలిని మొదటిసారి చూడటానికి ఇంటికి వస్తోంది. టీ పక్కన ఆ బ్రెడ్ లేకపోతే పిల్లవి ఉత్త కోతలేనని తొలి చూపులోనే తేలిపోతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటి నుంచి వదినామరదళ్ళిద్దరూ ఈ క్యూలో వేలాడుతున్నారు.

అద్దాల వెనుక ముఖమల్ గుడ్డ మీద బ్రెడ్లు నగల కొట్లో హారాల్లా కూర్చున్నాయి. ఒక్కోదానికి ఒక్కో దీపం. ధర మాత్రం ఎక్కడా రాసి లేదు. పసివాళ్ళు జడుసుకుంటారని కాబోలు.

“రోజుకి నలభై మాత్రమే చేస్తారు వదినా. పిండిని మూడు రోజులు పులియబెడతారు.”

“మన ఫ్రిజ్‌లో పిండి మూడు రోజులు పులిస్తే ముక్కు మూసుకుని పారబొయ్యమంటావు కదే.”

ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగింది. నల్ల కళ్ళద్దాలు, ముత్యాల గొలుసు, గంజి పెట్టిన ఊదారంగు చీర. చూడగానే ఎవరైనా పక్కకి జరిగి దారి ఇచ్చేలా ఉంది.

“అలా తీసిపారెయ్యకండి. ఎనిమిది నెలలుగా నేను రోజూ వస్తున్నాను. ఈ బ్రెడ్ నోట్లో పెట్టుకుంటే మబ్బుని తిన్నట్టుంటుంది,” అంది, ఆ చివర ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా.

“మబ్బంటే నీళ్ళే కదండీ,” అంది వదిన.

ఆడపడుచు వదిన మోచేతి మీద గిల్లింది. ముత్యాలావిడ మాత్రం చప్పున అటు తిరిగిపోయింది. భుజాలు కాస్త కదిలాయి. నవ్విందేమో తెలియదు.

నాలుగయ్యేసరికి ముత్యాలావిడ లోపలికి వెళ్ళి, బంగారు అక్షరాల సంచి పట్టుకుని రాణీగారిలా బయటికి వచ్చింది. ఆవిడ వెనకాలే తెల్ల చేతితొడుగుల కాపలావాడు తలుపు మూశాడు.

“ఈ రోజుకి అయిపోయాయండి. రేపు దయచేయండి.”

ఆడపడుచు చున్నీ కళ్ళ కింద తడవడం మొదలైంది. “అయిపోయింది వదినా, నా బతుకు. నేను అబద్ధాలకోరుననుకుంటారు.”

“అనుకోవడమేమిటి, నిజమే కదా,” అని వదిన ఆమె చెయ్యి పట్టుకుని, పక్క సందులోకి తిరుగుతున్న ముత్యాలావిడ వెంట పరుగులాంటి నడక అందుకుంది. “ఏవండీ, ఒక్క నిమిషం. మీ బ్రెడ్ మాకు ఇచ్చెయ్యండి. ఎంతంటే అంత ఇస్తాం. ఇంటికి ముఖ్యమైనవాళ్ళు వస్తున్నారు.”

ఆవిడ కళ్ళద్దాలు పైకెత్తి చున్నీ తడిని చూసింది. సందుకి అటూ ఇటూ చూసింది. తర్వాత సంచి నోరు తెరిచి చూపించింది. లోపల ఉండలు చుట్టిన పాత వార్తాపత్రికలు.

“ఇదేమిటండీ?”

“నా ఉద్యోగం. గంటకి ఇంత అని ఇస్తారు. క్యూలో నిలబడాలి, పొగడాలి, సంచి ఊపుకుంటూ బజారు చివరిదాకా నడవాలి. ఆ తర్వాత వెనక తలుపులోంచి వెళ్ళి చీర మార్చుకుని మళ్ళీ నిలబడాలి. మా ఇంట్లో తెలియదు. మోకాళ్ళకి డాక్టరు నిలబడమన్నాడని చెప్పాను.”

“మరి క్యూలో మిగతావాళ్ళు?”

“అందరం అంతే. ఈ రోజు మీరిద్దరే అసలువాళ్ళు. రెండు గంటల నుంచి మిమ్మల్ని చూస్తుంటే కడుపు తరుక్కుపోయిందనుకోండి.”

“నలభై బ్రెడ్లు?”

“నాలుగు చేస్తారు. అయిపోయాయంటేనే కదా రేపు మళ్ళీ వచ్చేది.”

“అద్దాల వెనక అన్ని ఉన్నాయిగా?”

“చెక్కవి. రంగు బాగా కుదిరింది కదూ.”

వదిన గోడకి ఆనుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెంటికీ మధ్యలో ఓ ముఖం పెట్టింది. “పోనీ రుచైనా మీరన్నట్టు...”

“ఎనిమిది నెలల్లో ఒక్క ముక్క తిని ఎరగను. ధర వింటేనే పళ్ళు జివ్వుమంటాయి.” ఆవిడ కాగితాలు కొంగులో వేసుకుని, ఖాళీ సంచి ఆడపడుచు చేతిలో పెట్టింది. “ఏడవకమ్మా. మూల మీద బేకరీలో మామూలు బ్రెడ్ కొని ఇందులో పెట్టు. వచ్చినవాళ్ళు సంచి చూస్తారుగానీ బ్రెడ్ చూడరు. మెచ్చుకుని మరీ తింటారు.”

“మీ రుణం ఎలా తీర్చుకోను పిన్నిగారూ,” అంది ఆడపడుచు చున్నీలోంచి ముక్కు ఎగబీలుస్తూ.

“దానికేముందిలే. నేనూ త్వరగా వెళ్ళాలి, ఐదింటికి మా అబ్బాయికి పిల్లని చూడబోతున్నాం,” అని ఆవిడ ముత్యాలు సర్దుకుంది. “ఈ కొట్టు బ్రెడ్ తప్ప ముట్టని పిల్లట. ఏమీ అనుకోకండి గానీ, మీలా సంచీలు మార్చే రకం కాదు.”