గీత గీయని బోర్డు

“సారూ, నడుమ జర ఒక గీత గియ్యరాదుండ్రి.”

బోర్డు మీద సుద్దముక్కతో రాస్తున్న సారయ్య వెనక్కి తిరిగి చూశాడు.

మళ్లీ అతనే. భుజాన తువ్వాల, చంకలో ఖాళీ కూరగాయల గంప. ప్రతి గురువారం అంగడి అయిపోయాక మట్టెవాడ పఠనమందిరం వసారాలో కనిపించే మనిషి.

“ఏం గీత?”

“ఒకపక్క కత పుస్తకం ముచ్చట, ఇంకోపక్క నిజం పుస్తకం ముచ్చట రాస్తాండ్రు గద. రెండు ఒక్కతీరుగ కలిసిపోతానయ్. యాడ కత ఒడిసిందో, యాడ నిజం మొదలైందో తెలుస్తలేదు.”

సారయ్యకు నవ్వొచ్చింది. అలా తెలియకుండా రాయడమే తన గొప్పతనమని అతని నమ్మకం.

సారయ్య పగలు తాలూకా ఆఫీసులో గుమస్తా. సాయంత్రమైతే పఠనమందిరానికి రాజు. వారం వారం ఒక సైన్సు నవలా, ఒక సైన్సు పుస్తకమూ చదివి, రెండింటి మంచిచెడ్డలూ ఒకే బోర్డు మీద రాసేవాడు. “కల్పన, శాస్త్రం ఒక్క తల్లి పిల్లలు. విడదీయడానికి నేనెవణ్ణి?” అనేవాడు. వినేవాళ్లుంటే ఇంకా చాలా అనేవాడు.

కానీ వచ్చేవాళ్లంతా పేపర్లో సినిమా పేజీ కోసం కొట్టుకునేవాళ్లే.

“చెవిటోని ముందు శంఖం ఊదుతాన,” అని ఇంట్లో భార్య నిర్మల దగ్గర వాపోయేవాడు. “ఒక్కడు మనసుపెట్టి చదివితే చాలు నిర్మలా. ఒక్కడు!”

ఆ ఒక్కడి కోసం కళ్లు కాయలు కాసేలా చూసే మనిషికి, ఎదురుగా ఉన్న గంప మనిషి కంటికి ఆనలేదు.

“నీకు చదువొస్తదా?”

“కూడబలుక్కుంట సారూ.”

నిజమే, వేలు గాల్లో ఆడిస్తూ, పెదవులు కదుపుతూ బోర్డు ముందు చాలాసేపు నిలబడేవాడు. ఘన్‌పూర్ వైపు రైలు వచ్చేదాకా పొద్దుపుచ్చుతున్నాడని సారయ్య అనుకున్నాడు.

“తెలివున్నోనికి గీత అక్కర్లేదు తీ,” అన్నాడు. గీత గీయలేదు.

తర్వాతి గురువారం వచ్చింది. అది పంతొమ్మిది వందల ఎనభై, ఫిబ్రవరి. మరో రెండు రోజుల్లో సూర్యగ్రహణం.

ఆ వారం బోర్డు మీదికి రెండు గ్రహణాలు ఎక్కాయి. నవలలో, ఏదో గ్రహం మీద నల్లబడ్డ సూర్యుణ్ణి చూసినవాళ్లు రాళ్లయిపోతారు. సైన్సు పుస్తకంలో, గ్రహణాన్ని వట్టి కళ్లతో చూస్తే కంటి లోపల కాలిపోతుంది. కాలుతున్నట్టు నొప్పి కూడా తెలియదు. ఒక వాక్యంలోంచి ఇంకో వాక్యంలోకి జారిపోయేలా రాశాడు సారయ్య.

హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాఫీసరు దాన్ని చదివి, “భలే రాశారండీ!” అన్నాడు. సారయ్య కాళ్లు నేల మీద నిలవలేదు.

సరిగ్గా అప్పుడే దాపురించాడు గంప మనిషి.

“సారూ, గ్రహణం చూస్తే రాయైతరు, కండ్లు పోతయ్ అని రాసిన్రు. ఏది కత, ఏది నిజం?”

“తర్వాత చెప్త, పో.”

“రైలు పోతది సారూ. మా తాన పోరగాండ్లు చూస్తమని ఎగురుతాండ్రు. ఒక్క మాట చెప్పుండ్రి.”

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. సారయ్యకు ఒళ్లు మండింది.

“అంత కతనే అనుకో! రాయీ లేదు, మన్నూ లేదు. పో ఇగ, నా పానం తియ్యకు.”

అందరూ నవ్వారు. గంప మనిషి కూడా నవ్వాడు.

“మంచిది సారూ,” అని దండం పెట్టి స్టేషన్ వైపు నడిచాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. సారయ్యకు జారిన సంగతే తెలియలేదు.

గ్రహణం రోజు అతను తలుపులు బిడాయించుకుని ఇంట్లో కూర్చున్నాడు. పుస్తకం చదివినవాడు కదా!

ఆ తర్వాత గంప మనిషి రావడం మానేశాడు. సారయ్య అదీ గమనించలేదు.

ఎండలు ముదిరాక ఒక గురువారం అతను మళ్లీ వచ్చాడు. చంకలో గంప లేదు. అతని రెక్క పట్టుకుని భార్య నడిపించుకొచ్చింది. ముక్కు తగిలేంత దగ్గరగా బోర్డు ముందు నిలబడి తల అటూ ఇటూ తిప్పాడు. వేలు లేచింది గానీ ఎటూ కదల్లేదు.

“సుట్టుముట్టు కానొస్తది సారూ,” అన్నాడు. “అచ్చరం మీద చూపు వెడితే మాత్రం నడుమ నల్లమచ్చ అడ్డమొస్తాంది. దవాఖానల ఇగ రాదన్నరు.”

సారయ్య సుద్దముక్క పక్కన పెట్టాడు.

“గ్రహణం చూసినవా?”

“మీరు కతనే అన్నరు గద సారూ.”

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది సారయ్యకు.

“అయినా ఎందుకు చూసినవయ్యా!”

“పోరగాండ్ల కోసం సారూ,” అంది భార్య. “‘సారు కతనే అన్నడు, అయినా ముందుగాల నేను చూస్త, నాకేం గాకుంటె అప్పుడు మీరు చూడుండ్రి’ అని పోరగాండ్లను ఇండ్లల్ల కూసోబెట్టిండు. గ్రహణం విడిసేదాక ఒక్కడే వాకిట్ల నిలబడ్డడు.”

సారయ్య సుద్దముక్క అందుకుని బోర్డు నడుమ పై నుంచి కింది దాకా గీత గీశాడు. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. ఆ గోరు తన చేతికే ఉండె కదా అనుకుంటే అతనికి ఏడుపు ఆగలేదు.

“నీ పేరేంది?” అని అడిగాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి అడగడం.

“కట్టయ్య సారూ. ఇయ్యాల ఏం రాసిన్రో జర సదివి చెప్తరా? మతిల పెట్టుకుంట.”

“మతిల పెట్టుకుని ఏం చేస్తవ్ కట్టయ్యా?”

“ఎప్పుడు జేసేదే సారూ,” అంది భార్య. “మా గూడెంల సదువొచ్చినోడు ఈయనొక్కడే, గురువారం పొద్దూకిందంటె గూడెం గూడెమంత మా వాకిట్ల కూసుంటది, ఈయన నోట మీ బోర్డు ఇననీకి.”