ఇంకో విడత

బంతి మళ్లీ రింగు ముందంచుకు తగిలి వెనక్కి వచ్చింది.

"ఇంకో విడత!" అని కోచ్ ఈల ఊదాడు.

సాయంత్రం కాలేజీల బాస్కెట్‌బాల్ ఫైనల్. అవతలి జట్టు దూరపు ఊరిది, ఇదివరకు తలపడింది లేదు. కప్పు తేకపోతే వచ్చే ఏడు వేరే కోచ్‌ను చూసుకుంటామని ప్రిన్సిపాల్ మొహం మీదే చెప్పేశాడు.

జట్టుకంతటికీ దిక్కు కెప్టెన్ పిల్ల ఒక్కతే. పొడుగు చూసి అందరూ ఆమెను 'నిచ్చెన' అంటారు. వరసగా మ్యాచులు ఆడిన ఆ నిచ్చెన విసిరే బంతులే ఇప్పుడు రింగు ముందంచు దాటడం లేదు. చెయ్యి తప్పుతోందంటూ కోచ్ పొద్దున్నే కోర్టులోకి దింపాడు.

"చెయ్యి కాదు బాబూ, కాళ్లు."

గ్యాలరీ మొదటి మెట్టు మీద తల నెరిసిన ఆవిడెవరో కూర్చుని ఉంది.

"ఏమన్నారు?"

"ఎగరడానికి కాళ్లలో సత్తువ లేదు. దిగేటప్పుడు చూడండి, కుడి మోకాలు లోపలికి ఒరుగుతోంది. ఈ పూట పడుకోనివ్వండి, సాయంత్రానికి తేరుకుంటుంది."

కోచ్‌కు ఒళ్లు మండింది.

"మీరు పిల్లకేమవుతారు?"

"ఏమీ కాను."

"మరెందుకమ్మా ఈ పెత్తనం? మమ్మల్ని బెదరగొట్టమని అవతలివాళ్లు పంపారా?"

ఆవిడ మెట్టు మీది నుంచి లేచింది.

"కప్పు ఏటా వస్తుంది. మోకాలు మళ్లీ రాదు," అంది.

"వాచ్‌మన్! ఈవిణ్ణి బయటికి పంపు."

ఆవిడ గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్! నువ్వైనా నోరు తెరిచి చెప్పు తల్లీ!"

నిచ్చెన కోచ్ మొహంలోకి చూసింది.

"నొప్పేం లేదు సార్."

"శభాష్. ఇంకో విడత!"

నిచ్చెన ఎగిరింది. దిగడం మాత్రం సరిగ్గా దిగలేదు. ఆమె పెట్టిన అరుపుకు కోచ్ నోట్లోంచి ఈల జారిపోయింది.

"ఈ ఏడాదికి ఆట మాట ఎత్తకండి. ఆపైన సంగతి ఇప్పుడే చెప్పలేను," అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు.

"సారీ సార్, మ్యాచ్ పోతుందేమో," అని మంచం మీది నుంచి ఆ పిల్ల తనకే చెబుతుంటే కోచ్ సిగ్గుతో చితికిపోయాడు. ఆ పెద్దావిడ కనబడితే కాళ్ల మీద పడాలనిపించింది. ఎటు పోయిందని అడిగితే వాచ్‌మన్ తెలియదన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

సాయంత్రం మిగిలిన పిల్లలను వెంటబెట్టుకుని కోర్టులోకి నడిచాడు. ఆటకు ముందు కోచ్‌లిద్దరూ చేతులు కలపాలని రిఫరీ పిలిచాడు.

అవతలి జట్టు బెంచి మీది నుంచి లేచి వచ్చి, అతని చెయ్యి అందుకుని, "పిల్ల మోకాలెలా ఉంది బాబూ?" అని మెల్లిగా అడిగింది ఆవిడే.