అమ్మ చూసుకోవడానికి

“వాట్సాప్ వద్దమ్మా. నాన్న నీ ఫోన్ రోజూ చూస్తన్నారు” అన్నాడు సురేంద్ర.

నిజమే. కూతురు లక్ష్మీతులసి లాజరు మాస్టారి అబ్బాయి శ్యామ్ బాబుని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ ధర్మరాజు ఇంట్లో ఎవరి ఫోన్నీ వదల్లేదు. రొయ్యల చెరువులు జీతగాళ్ళకి వదిలేసి, మనుషుల్ని పెట్టి ఊరూరా వెతికిస్తున్నాడు. దొరికితే ఇద్దర్నీ నరుకుతానని అల్లవరం సెంటర్లో నిలబడి అరిచాడు. ఉత్తినే అరిచే మనిషి కాదు.

భవానీదేవికి ఆ భయం ఒక పక్క, పిల్లని చూడలేదన్న బెంగ ఒక పక్క. తులసికి ఏడో నెల. ఆ కబురైనా పక్కింటావిడ ఫోన్‌కి, ఎవరి నంబర్నుంచో చేసి చెప్పింది. ఎక్కడుందో చెప్పలేదు. తల్లీ అడగలేదు. తెలిస్తే ఎప్పుడో నోరు జారతానేమోనని ఆవిడ భయం.

అందుకే కొడుకు తనంతట తనే వచ్చి “చెల్లి ఫోటోలు చూపిస్తానమ్మా” అనేసరికి ఆవిడకి ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో ఒక్కడికైనా మనసుంది అనుకుంది.

సురేంద్ర పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. ఫోటోలు దాచిపెట్టే కంపెనీలు చాలా ఉన్నాయి. చెల్లి అక్కడ దాస్తే అమ్మ ఇక్కడ చూసుకోవచ్చు. ఫోన్ కాలవలో పడ్డా ఫోటో పోదు.

“ఊరికే ఇచ్చేది ఏదోటి పెట్టరా.”

“వాటిల్లో బొమ్మ ఒక్కటే వస్తాదమ్మా.”

“బొమ్మ చాలదేంట్రా?”

“పెట్టేదేదో మంచిది పెట్టుకుందాం. డబ్బులు నేను కడతాలే.”

రెండు రోజులు అన్నీ తిరగేసి ఒకటి ఎంచాడు. నాన్న కంటపడకుండా తల్లి ఫోన్లో ఓ మూలన పెట్టాడు.

“ఈసారి చెల్లి ఫోన్ చేస్తే, తన ఫోన్లోనూ ఇదే పెట్టుకుని ఫోటోలు అందులో దాయమని చెప్పు. ఫోన్ ఏం అడిగినా ‘అలౌ’ అన్నదే నొక్కమను. ఒక్కటి మానేసినా నీకు సరిగ్గా రాదు. నా పేరు మాత్రం ఎత్తకు. నామీద కోపంగా ఉంటాది.”

“నీమీద దానికి కోపమేంట్రా, పిచ్చోడా” అని కొడుకు తల నిమిరింది భవానీదేవి.

వారం తిరక్కుండా ఫోటో వచ్చింది. ఏదో ఇంటి గుమ్మంలో, పొట్ట మీద చెయ్యేసుకుని తులసి నవ్వుతోంది. వెనకాల శ్యామ్ బాబు బట్టలు ఆరేస్తున్నాడు.

భవానీదేవి కొంగుతో ఫోన్ తుడిచి మళ్ళీ చూసింది. “ఒళ్ళు చేసిందిరా! చూడు, చేతులకి గాజులే లేవు. ఏడో నెలొచ్చింది. ఎలాగైనా గాజులు పంపే దారుంటే బాగుణ్ణు.”

“ఇలా ఇవ్వమ్మా. నేను చూస్తాను.”

సురేంద్ర ఫోన్ తీసుకుని, వీధి అరుగు మీద కూర్చున్న తండ్రి దగ్గరికి వెళ్ళి, ఫోటో కింద మ్యాప్‌లో కనబడుతున్న ఊరి పేరూ వీధి పేరూ చదివి వినిపించి, “అమ్మ అడిగితే పంపుద్దని ముందే చెప్పేను కదా నాన్నా” అన్నాడు.